ఫౌంటెన్స్ అబే శిథిలాల దగ్గర అమ్మానాన్నలకు ఏం చూపించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఇంగ్లండులోని లీడ్స్ నుంచి)

అందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి అమ్మా నాన్నా మూడు నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చారు. పోయిన ఆదివారం వాళ్లను మా ఇంటికి దగ్గరలో ఉన్న కర్క్‌స్టాల్ అబేకు తీసుకువెళ్లాను. ఏర్ నది ఒడ్డున మసిబారి నల్లబడిన రాతిగోడలు, పైకప్పు లేని పెద్ద చర్చి, లోపలంతా పచ్చిక. అమ్మ ఒక గోడ నీడలో కూర్చుండిపోయింది. నాన్న నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన మనిషి, ఏ కట్టడం చూసినా దాని అవసరం ఏమిటో తెలుసుకోనిదే కదలరు. ఆయన గోడ గోడకూ ఆగి, "ఇక్కడ ఎంతమంది ఉండేవాళ్లురా? వంట ఎక్కడ చేసుకునేవాళ్లు? ఇంత కష్టపడి కట్టుకున్నవాళ్లు ఎందుకు వదిలేసి పోయారు?" అని అడుగుతూనే ఉన్నారు. నేను "పాత మఠం నాన్నా" అన్న మాట దాటి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఇన్నేళ్లుగా దాని పక్కనుంచే బస్సులో ఆఫీసుకు వెళ్లి వస్తున్న నాకు ఆ రోజు నిజంగా సిగ్గుగా అనిపించింది.

ఈ నెలాఖరులో వాళ్లను రిపన్ దగ్గరున్న ఫౌంటెన్స్ అబేకు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. ఈసారి నేను ముందే కొంత తెలుసుకుని వెళ్లాలి. లోపలికి అడుగుపెట్టాక దేనితో మొదలుపెట్టి ఏ వరుసలో చూస్తే ఆ రాళ్లు ఒకప్పుడు మనుషులు తిరిగిన ఇల్లుగా కనిపిస్తాయి? ఎనిమిదో హెన్రీ రాజు సైన్యం ఫిరంగులు పెట్టి ఈ మఠాలను కూల్చిందని ఆఫీసులో ఒకరు చెప్పారు, అది నిజమేనా? మాకు కారు లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, ఎక్కువ దూరం నడవలేదు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలిగితే మేలు చేసినవారవుతారు.


మొదటి సమాధానం (యార్క్ నుంచి)

నమస్కారమండీ. గత పదకొండేళ్లలో నేను ఫౌంటెన్స్‌కు కనీసం ఇరవైసార్లు వెళ్లి ఉంటాను, మొదటి రెండు మూడుసార్లు నాకూ మీకు జరిగినట్టే జరిగింది. అందరూ చేసినట్టే నేనూ ముందు చర్చిలోకి వెళ్లి, ఎత్తయిన స్తంభాలు చూసి, ఫొటోలు తీసుకుని తిరిగి వచ్చేసేవాడిని. చర్చితో మొదలుపెట్టడమే పొరపాటు అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మీ నాన్నగారి ఉద్యోగం గురించి చదివాక మరింత ధైర్యంగా చెబుతున్నాను: నీటితో మొదలుపెట్టండి.

ఈ మఠం పేరులోనే నీరు ఉంది. లాటిన్‌లో దీని పేరుకు 'ఊటల మరియమ్మ మఠం' అని అర్థం చెప్పుకోవచ్చు, ఆ లోయ వాలుల్లో ఊరే జలల వల్ల వచ్చిన పేరు అది. 1132లో యార్క్‌లోని సెయింట్ మేరీస్ అబేలో కొందరు సన్యాసులు తమ మఠంలో నియమాలు సడలిపోయాయని, బెనెడిక్టు మహర్షి విధించిన కఠినమైన జీవితానికి తిరిగి వెళ్లాలని పట్టుబట్టారు. మాటా మాటా పెరిగి గొడవైంది. ఆర్చిబిషప్ థర్స్టన్ ఆ పదముగ్గురినీ తన రక్షణలోకి తీసుకుని, ఆ ఏడాది క్రిస్మస్ రోజుల్లో స్కెల్ అనే చిన్న నది పారే ఈ ఇరుకు లోయను వారికి ఇచ్చాడు. అప్పటికి అది ముళ్లపొదలు, బండరాళ్లు తప్ప ఏమీ లేని చోటు. మొదటి చలికాలం ఒక పెద్ద ఎల్మ్ చెట్టు కింద తలదాచుకున్నారని, ఆకలికి ఆ చెట్టు ఆకులే ఉడికించుకుని తిన్నారని మఠం వారు తరతరాలుగా చెప్పుకున్నారు. ఆ తరువాత వారు కఠిన నియమాలు పాటించే సిస్టర్షియన్ అనే సన్యాసుల శాఖలో చేరారు. రంగు వేయని ఉన్ని బట్టలు కట్టేవారు కనుక వారిని తెల్ల సన్యాసులు అనేవారు. 1135లో యార్క్ కేథడ్రల్ పెద్ద ఒకాయన తన డబ్బూ పుస్తకాలూ తీసుకుని వచ్చి చేరాకగానీ వారి కష్టం గట్టెక్కలేదు.

ఇప్పుడు నాన్నగారిని తీసుకుని పడమటి వైపు నుంచి రండి. అక్కడ మఠం కట్టడాల్లో మీకు మొట్టమొదట కనిపించేది సెల్లారియం అనే పొడవాటి కట్టడం. దాదాపు 300 అడుగుల పొడవు, లోపల మధ్య వరుసలో స్తంభాలు, ఒక్కో స్తంభం నుంచి తాటిమట్టల్లా విచ్చుకుని పైకి లేచి కప్పుగా కలిసే కమానులు, ఇలాంటి అంకణాలు 22. మొత్తం మఠంలో పైకప్పు నిలిచి ఉన్న పెద్ద భాగం ఇదే. మొదటిసారి చూసినప్పుడు ఇది ప్రార్థన మందిరం అనుకున్నాను, కాదు. ఇది వారి గాదె, కొట్టుగది, పనివారి భోజనశాల. ఇప్పుడు ఒకే హాలుగా కనిపించేది అప్పుడు అడ్డుగోడలతో విడివిడి గదులుగా ఉండేది, ఉత్తరపు వైపు సరుకులు, దక్షిణపు వైపు శ్రామిక సోదరుల భోజనం, పై అంతస్తులో వారి పడక.

ఈ శ్రామిక సోదరుల సంగతి తెలిస్తే సగం మఠం అర్థమైనట్టే. చదువు వచ్చిన సన్యాసులు రోజుకు ఎనిమిదిసార్లు చర్చిలో ప్రార్థనలు పాడేవారు. అంతంత ప్రార్థనలు చేసేవారు పొలం దున్నలేరు, గొర్రెలు కాయలేరు. అందుకని చదువు రాని రైతుబిడ్డలు, చేతిపని వచ్చినవారు కూడా సన్యాస వ్రతం పట్టి, కొద్దిపాటి ప్రార్థనలతో సరిపెట్టుకుని, మఠం పనంతా చూసేవారు. యార్క్‌షైర్ కొండల మీద మఠానికి ఉన్న పొలాలను, గొర్రెల మందలను, సున్నపు బట్టీలను నడిపింది వీరే. ఆ గొర్రెల ఉన్ని కోసం ఇటలీ వర్తకులు ముందే డబ్బు కట్టి ఒప్పందాలు రాసుకునేవారు. ఇంగ్లండులోని సిస్టర్షియన్ మఠాలన్నిటిలోకీ ఇది సంపన్నమైనది కావడానికి ఆ ఉన్నే కారణం. అలా ముందే డబ్బు తీసుకుని తరువాత ఉన్ని ఇవ్వలేక అప్పుల పాలైన కాలమూ ఉంది, గొర్రెలకు తెగులు వస్తే మఠం కూడా మామూలు రైతులాగే కుదేలయ్యేది.

ఆ సెల్లారియం దక్షిణపు కొస దగ్గరికి వెళ్లి బయటికి వచ్చి చూడండి. కట్టడం నది దగ్గర ఆగిపోలేదు. నది మీద కమానులు వేసి, వాటి మీదుగా అవతలికి సాగింది. ఆ మూల నీటి మీదనే వారి మరుగుదొడ్లు కట్టారు, పారే నీరే శుభ్రం చేసుకుపోయేది. తూర్పు వైపున జబ్బుపడినవారిని, ముసలివారిని ఉంచిన పెద్ద వైద్యశాలను కూడా నది మీద సొరంగాల్లాంటి కమానులు కట్టి నిలబెట్టారు. లోయ ఇరుకు, కొండ పక్కకు జరగదు కాబట్టి నదినే ఇంటి కిందుగా నడిపించారు. నాన్నగారికి ఇక్కడ ఎక్కువసేపు పడుతుంది, తొందరపెట్టకండి.

అక్కడి నుంచి లోపలి ముంగిలికి రండి. మన పాత మండువా లోగిళ్లు చూసినవారికి ఈ అమరిక వెంటనే పట్టుబడుతుంది. మధ్యలో ఆకాశం కనిపించే నలుచదరపు ఖాళీ, చుట్టూ వసారా, ఆ వసారాలోకి తెరుచుకునే గదులు. వసారా పైకప్పు ఇప్పుడు లేదు, గోడలకు దాని ఆనవాళ్లు మాత్రం ఉన్నాయి. ఉత్తరాన చర్చి, తూర్పున సమావేశ మందిరం, దక్షిణాన చలిమంట గది, భోజనశాల, వంటిల్లు, పడమట మీరు ఇప్పుడే చూసిన సెల్లారియం. సమావేశ మందిరంలో రోజూ పొద్దున కూర్చుని బెనెడిక్టు నియమావళిలో ఒక అధ్యాయం చదువుకునేవారు, తప్పు చేసినవారు అక్కడే ఒప్పుకునేవారు. మఠాధిపతులను ఆ నేలలోనే సమాధి చేశారు.

చలిమంట గదిని మాత్రం వదలకండి. నిలబడిన మనిషి లోపలికి నడిచిపోగలంత పెద్ద పొయ్యి ఉంటుంది, దాని మీద అడ్డంగా పరిచిన రాళ్లను ఒకదానిలో ఒకటి పళ్లు బిగించినట్టు అమర్చారు. వంటిల్లు, వైద్యశాల కాక మామూలు సన్యాసి చలి కాచుకోగలిగిన చోటు ఇదొక్కటే. నవంబరు నుంచి మంట ఉండేది. జనవరిలో ఒకసారి వెళ్లి, చేతులు కొంకర్లు పోయి ఆ చల్లని పొయ్యి ముందు నిలబడ్డప్పుడు నాకు వారి జీవితం ఎంత కఠినమో ఒంటికి తెలిసింది. పైన ఉన్న గదిలో మఠం దస్తావేజులు దాచేవారు, కింది మంట వేడికి తోలు కాగితాలు చెమ్మగిల్లకుండా ఉండేవి.

పక్కనే భోజనశాల. ద్వారానికి రెండు పక్కలా గోడలో కమానుల వరుస కనిపిస్తుంది, అవి చేతులు కడుక్కునే తొట్లు ఉండిన చోట్లు, వాటికి సీసపు గొట్టాల ద్వారా ఊటనీరు వచ్చేది. లోపల పడమటి గోడలో మెట్లు పైకి వెళతాయి. అందరూ మౌనంగా తింటుంటే ఒకరు ఆ మెట్లెక్కి పైనుంచి గ్రంథం చదివేవారు. ఆరోగ్యంగా ఉన్నవారికి మాంసం నిషేధం, రొట్టె, చిక్కుళ్లు, ఆకుకూరలు, ఇంట్లో కాచిన బీరు. ఏదైనా అందుకోవాలంటే చేతి సైగలే.

ఇదంతా చూశాక చర్చిలోకి రండి. అప్పుడు అది వేరుగా కనిపిస్తుంది. చర్చి పడమటి సగం శ్రామిక సోదరులది, తూర్పు సగం సన్యాసులది, మధ్యలో అడ్డుతెర ఉండేది. మొదట్లో ఈ శాఖ వారు బొమ్మలు, రంగుటద్దాలు, రాతి గోపురాలు వద్దన్నారు. 1147 ప్రాంతంలో యార్క్ ఆర్చిబిషప్ పదవి గురించి తగాదా వచ్చినప్పుడు, ఇక్కడి మఠాధిపతి హెన్రీ మర్డాక్ ఒక పక్షాన నిలిచినందుకు ఎదుటి పక్షం వారు వచ్చి మఠాన్ని దోచి నిప్పు పెట్టారు. ఇప్పుడు మీరు చూసే స్తంభాలు ఆ తరువాత లేచినవి. తూర్పు కొసన తొమ్మిది బలిపీఠాల మందిరం 13వ శతాబ్దంలో వచ్చింది. చివరగా ఉత్తరం వైపు నిలబడి ఉన్న 160 అడుగుల గోపురం మార్మడ్యూక్ హ్యూబీ అనే మఠాధిపతి కట్టించినది, ఆయన 1495 నుంచి 1526 వరకు ఉన్నాడు. గోపురం చుట్టూ పట్టీల్లా లాటిన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి. దేవునికే ఘనతయు మహిమయు అన్న మాట ఆయనకు ఇష్టమైనది. పదముగ్గురు చెట్టు కింద పడుకున్న చోట నాలుగు వందల ఏళ్ల తరువాత ఆ గోపురం లేచిందన్నది నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా ఆలోచింపజేసే విషయం. హ్యూబీ కాలం ముగిసిన పదమూడేళ్లకే అంతా ముగిసిపోయింది. ఆ కథ నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు, వారికి వదిలేస్తున్నాను.


రెండో సమాధానం (న్యూకాసిల్ నుంచి)

పై వారు చాలా చక్కగా చెప్పారు. ఫిరంగుల మాట గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ అపోహ చాలామందిలో ఉంది. ఫౌంటెన్స్ మీద ఫిరంగి పేలలేదు. అక్కడ జరిగింది కాగితం మీద జరిగింది, అందుకే అది ఇంకా బాధ కలిగిస్తుంది.

హెన్రీ రాజు రోము పోపుతో తెగతెంపులు చేసుకుని తానే ఇంగ్లండు చర్చికి అధిపతి అయ్యాక, 1536లో చిన్న మఠాలను మూసివేసే చట్టం వచ్చింది. ఉత్తరాది జనం దీన్ని సహించలేక ఆ ఏడాదే తిరగబడ్డారు. ఫౌంటెన్స్ మఠాధిపతిగా అంతకుముందే పదవి వదులుకున్న విలియం థర్స్క్‌కు ఆ తిరుగుబాటుతో సంబంధం అంటగట్టి 1537లో లండన్‌లోని టైబర్న్ దగ్గర ఉరితీశారు. అది చూశాక మిగిలినవారికి ఎదిరించే దారి లేదు. 1539 నవంబరులో చివరి మఠాధిపతి మార్మడ్యూక్ బ్రాడ్లీ, మిగిలిన సన్యాసులు సమావేశ మందిరంలో మఠాన్ని రాజుకు అప్పగిస్తూ సంతకాలు చేశారు. మఠాధిపతికి ఏడాదికి 100 పౌండ్ల పింఛను, సన్యాసులకు అంతకన్నా చాలా తక్కువ. నాలుగు వందల ఏడేళ్ల మఠం ఒక్క పత్రంతో పోయింది.

తరువాతి పని పైకప్పుతో మొదలైంది. ఆ రోజుల్లో పెద్ద చర్చిల కప్పుల మీద సీసపు రేకులు పరిచేవారు. సీసానికి మంచి ధర ఉంది, కనుక ముందు అది ఒలిచారు, కరిగించి దిమ్మలుగా పోశారు. గంటలు, అద్దాలు, దూలాలు అమ్మేశారు. సీసం పోయిన కప్పులోకి వాన దిగుతుంది, వాన దిగిన దూలం పుచ్చుతుంది, దూలం పడితే గోడకు పట్టు పోతుంది. మన ఊళ్లలో పెంకులు తీసేసిన ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుందో మీ నాన్నగారికి వేరే చెప్పనక్కరలేదు. 1540లో ఈ ఆస్తిని సర్ రిచర్డ్ గ్రెషమ్ అనే లండన్ వర్తకుడు కొన్నాడు. 1600 ప్రాంతంలో సర్ స్టీఫెన్ ప్రాక్టర్ అనే ఆయన మఠం రాళ్లే తీసుకుని పక్కనే తన కోసం ఫౌంటెన్స్ హాల్ అనే భవనం కట్టుకున్నాడు. పడమటి ద్వారం నుంచి వస్తే ముందు ఆ భవనమే తగులుతుంది. అమ్మానాన్నలకు దాని గోడను చూపించి, ఈ రాయి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి, తరువాత మఠంలోకి తీసుకువెళ్లండి. ఎందుకు శిథిలమైందన్న ప్రశ్నకు ఆ గోడే సగం జవాబు.

మరి ఇంతైనా ఎలా మిగిలిందంటే, 18వ శతాబ్దంలో శిథిలాలను చూసి ఆనందించడం సంపన్నులకు అభిరుచి అయింది. సౌత్ సీ కంపెనీ వాటాల కుంభకోణంలో పదవి పోగొట్టుకున్న జాన్ ఎయిస్లబీ అనే మాజీ ఆర్థిక మంత్రి పక్కనున్న స్టడ్లీ రాయల్ ఎస్టేటుకు చేరి, అదే స్కెల్ నది నీటితో చెరువులు, కాలువలు, చిన్న చిన్న జలపాతాలతో తోట వేయించాడు. ఆయన కొడుకు విలియం 1760ల చివర్లో మఠం శిథిలాలను కొని ఆ తోటకు కలిపాడు. అందంగా కనిపించాలని కొన్ని భాగాలు తీసేయించాడు కూడా, అది మంచి పని కాదని నా అభిప్రాయం. కానీ ఆయన కొనకపోయి ఉంటే చుట్టుపక్కల ఊళ్ల పశువుల కొట్టాలన్నిటిలో ఈ రాళ్లు కలిసిపోయి ఉండేవి. 1983 నుంచి చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది, 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.


మూడో సమాధానం (బ్రాడ్‌ఫర్డ్ నుంచి)

నేను పోయిన ఏడాది మా అత్తగారిని తీసుకువెళ్లాను, ఆవిడకూ మోకాళ్ల బాధే. కాబట్టి నడక సంగతి మాత్రం చెబుతాను.

రిపన్‌కు రైలు లేదు. లీడ్స్ నుంచి హారోగేట్ మీదుగా రిపన్ వెళ్లే 36 నంబరు బస్సు ఉంది, మీకు గంటన్నర వరకు పట్టవచ్చు. పై అంతస్తులో ముందు సీటు దొరికితే అమ్మగారికి దారంతా చక్కగా కనిపిస్తుంది. రిపన్ నుంచి అబే నాలుగు మైళ్ల లోపే ఉంటుంది, అక్కడ టాక్సీ తీసుకోండి. టాక్సీ వారికి తప్పకుండా పడమటి ద్వారం అని చెప్పండి. అందరూ దిగే సందర్శకుల కేంద్రం కొండ మీద ఉంది, అక్కడి నుంచి లోయలోకి దిగడం ఒక ఎత్తయితే తిరిగి ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవారికి పెద్ద శిక్ష. మేము తెలియక అక్కడే దిగి, మధ్యలో మూడుచోట్ల ఆగవలసి వచ్చింది. పడమటి ద్వారం నుంచి హాల్, పాత పిండి మర, మఠం అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. తిరుగు ప్రయాణానికి టాక్సీ వేళ ముందే మాట్లాడుకోండి.

పిండి మర చూపించడం మరిచిపోకండి. 12వ శతాబ్దంలో సన్యాసులు కట్టినది, 20వ శతాబ్దం తొలినాళ్ల దాకా అక్కడ గింజలు విసిరారు. లోపల నీటిచక్రం ఉంది. మా అత్తగారు మఠం గోడల దగ్గర మౌనంగానే ఉన్నారు కానీ మరలో తిరగలి రాయి చూడగానే ఆవిడ మాట మొదలైంది. పల్లాలు ఎలా చెక్కుతారో, రాయి అరిగితే గంట్లు ఎలా పెట్టిస్తారో మా పిల్లలకు అరగంట చెప్పారు.

శిథిలాల్లో పైకప్పు ఉన్న చోటు సెల్లారియం తప్ప పెద్దగా లేదు, వాన వస్తే తడవాల్సిందే. తడిసిన రాయి నాచు పట్టి జారుతుంది, అమ్మగారికి చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేయించండి. గోడల మీద, విరిగిన మెట్ల మీద పిల్లలను ఎక్కనివ్వకండి, అది వారికీ ప్రమాదం, ఆ రాళ్లకూ ప్రమాదం. మేము పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో తీసుకువెళ్లి నది పక్క పచ్చిక మీద తిన్నాం. గట్టి వాన పట్టుకుంటే రిపన్‌కు తిరిగి వచ్చి కేథడ్రల్ కింద ఉన్న నేలమాళిగ చూడండి, సెయింట్ విల్‌ఫ్రిడ్ 672లో కట్టించినది, మఠం కన్నా 460 ఏళ్లు పాతది. కానీ మెట్లు ఇరుకు, అమ్మగారు పైనే కూర్చోవడం మంచిది.


నాలుగో సమాధానం (భీమిలి నుంచి)

బాబూ, మీ నాన్నగారు విశాఖవారంటున్నారు కాబట్టి ఒక్క మాట. ఆయన తొట్లకొండ చూసే ఉంటారు. బౌద్ధ భిక్షువులు ఉన్న ఆ కొండ మీద కూడా వర్షపు నీరు నిలవ చేసుకునేందుకు బండలో తొలిచిన తొట్లే ఆ చోటికి పేరు పెట్టాయి. అక్కడ కూడా భోజనశాల, వంటిల్లు, సమావేశ మందిరం పునాదులు ఉన్నాయి. పోలిక చెప్పేటప్పుడు తేడా కూడా చెప్పండి. తొట్లకొండ మీద ఒక్కో భిక్షువుకు ఒక్కో చిన్న గది వరుసలు కనిపిస్తాయి. ఇంగ్లండు మఠంలో సన్యాసులు పై అంతస్తులో అందరూ ఒకే పొడవాటి గదిలో పడుకునేవారు, అర్ధరాత్రి దాటాక గంట మోగితే అక్కడి నుంచే మెట్లు దిగి చర్చిలోకి వెళ్లేవారు. ఒకరు ఏకాంతంగా ధ్యానం కోసం గది కట్టుకున్నారు, మరొకరు ఒక్క క్షణం కూడా ఒంటరిగా ఉండకుండా కట్టుకున్నారు. ఆ చీకటి మెట్లు ఎక్కడ దిగేవో నాన్నగారిని వెతకమనండి.


ప్రశ్న అడిగినవారి మాట (మూడు వారాల తరువాత)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పోయిన శనివారం వెళ్లి వచ్చాం. బ్రాడ్‌ఫర్డ్ సోదరి చెప్పినట్టే పడమటి ద్వారం దగ్గర దిగాం, అమ్మ మొత్తం మూడు గంటలు మాతోనే ఉండగలిగింది. ఫౌంటెన్స్ హాల్ ముందు నిలబడి నాన్నకు గ్రెషమ్, ప్రాక్టర్‌ల కథ చెప్పాను. ఆయన గోడను చేత్తో తడిమి చూసి, "పడగొట్టడానికి కూలి ఇచ్చేవాడు ఒకడైతే, రాయి మోసుకుపోయేవాడు ఇంకొకడు" అని మాత్రం అన్నారు. మరలో అమ్మ తిరగలి దగ్గర చాలాసేపు నిలబడింది.

యార్క్ పెద్దలు చెప్పిన వరుసలోనే వెళ్లాం. సెల్లారియంలో మేము అడుగుపెట్టినప్పుడు ఎవరూ లేరు. బయట చిరుజల్లు మొదలైంది, లోపల మా అడుగుల చప్పుడు కమానుల కింద తిరిగి వినిపించింది. అమ్మ ఒక స్తంభం మొదట్లో కూర్చుని, పైకి చూసి, "ఇంత చీకట్లో అన్నం తినేవాళ్లా?" అంది. ఆ మాట అన్నది అమ్మ. నెల క్రితం కర్క్‌స్టాల్‌లో గోడ నీడన కూర్చుని ఏమీ అడగని మనిషి.

నాన్న దక్షిణపు కొసకు వెళ్లి నలభై నిమిషాలు రాలేదు. జల్లు ఆగాక నేను వెళ్లి చూస్తే, నదిలోకి కొంచెం వంగి, కమాను లోపలికి నీరు వెళ్లే వాటం చూస్తున్నారు. నది వెడల్పు ఎంత తగ్గించారు, వరద వస్తే నీరు ఎటు పొర్లుతుంది, కమాను కాళ్లకు నీటి తాకిడి తగలకుండా రాయిని ఎలా పేర్చారు అని నాకు వివరించారు. మా తూములు కట్టేటప్పుడు కూడా ఇదే లెక్క అన్నారు. తరువాత గట్టు మీద రాలి ఉన్న ఒక ఆకు తీసి, ఎగువన నీళ్లలో వేసి, గబగబా కట్టడం చుట్టూ తిరిగి దిగువకు నడిచారు. ఆయన వెనకే నేనూ వెళ్లాను. కొంతసేపు ఏమీ రాలేదు. నీటి అంచున నురగ మాత్రం తిరుగుతూ ఉంది. చివరికి ఆ ఆకు కమాను చీకట్లోంచి బయటికి వచ్చింది, నాన్న అమ్మను గట్టిగా కేకేసి పిలిచారు.

చలిమంట గది పొయ్యిలో ముగ్గురం కలిసి నిలబడి ఫొటో తీసుకున్నాం. రాత్రి మెట్ల చోటు నాన్నే కనిపెట్టారు, శిలువ ఆకారపు చర్చి దక్షిణపు చేతి గోడలో. తిరుగు బస్సులో టికెట్ వెనక తెల్లగా ఉన్న చోట మఠం బొమ్మ గీశారు. ముందు నది గీత గీసి, దాని మీద ఒక్కొక్క గదీ పెట్టుకుంటూ వచ్చారు. హారోగేట్ దాటేసరికి చర్చికి చోటు చాలక ఇంకో టికెట్ అడిగారు.

వచ్చే నెల రీవో అబేకు వెళదామని ఆయనే అంటున్నారు. అక్కడ పడమటి ద్వారం లాంటి దగ్గరి దారి ఉందో, అమ్మ నడవగలదో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.